గట్టు, గస్తీ, పట్టా

నెట్‌వర్క్ భద్రతలో ఏ ఉద్యోగం ఏం చేస్తుంది, ఏ సర్టిఫికెట్ దేన్ని కొలుస్తుంది

2021 నవంబరులో హైదరాబాదులోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగులకు కొన్ని మెయిళ్లు వచ్చాయి. రోజూ వచ్చే ఆఫీసు మెయిళ్లలాగే కనిపించాయి. ఒకరిద్దరు తెరిచారు. ఎక్కడో కూర్చున్నవాడు ఆ కంప్యూటర్‌ని నడిపించడానికి వీలిచ్చే దొంగ ప్రోగ్రాం ఒకటి లోపలికి దిగింది. రెండు నెలలు గడిచాయి. 2022 జనవరిలో దాదాపు 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఆ బ్యాంకు నుంచి వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడినుంచి దేశంలోని మరికొన్ని వందల ఖాతాల్లోకి చకచకా వెళ్లిపోయాయి. 2023లో రిజర్వు బ్యాంకు, సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

దర్యాప్తు తర్వాత హైదరాబాదు పోలీసులు చెప్పిన రెండు సంగతులు ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతి విద్యార్థీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోదగ్గవి. బ్యాంకు నెట్‌వర్క్‌ని సరిగ్గా భాగాలుగా విడదీయలేదు. వ్యవస్థ మొత్తంమీద అధికారం ఉండే సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయి.

వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మడికీ మడికీ మధ్య గట్టు ఉంటుంది. ఒకచోట గండి పడితే నీళ్లు ఆ మడివరకే పోతాయి. గట్లు లేని పొలంలో ఒక్క ఎలకబొరియ చాలు. నెట్‌వర్క్ భద్రత అంటే గట్లు వేయడం, రాత్రీపగలూ గస్తీ తిరగడం, గండి పడితే పూడ్చడం, ఎవరు తవ్వారో ఆధారాలతో తేల్చడం. వీటిలో ఒక్కొక్క పని ఒక్కొక్క ఉద్యోగం.

మన పిల్లలు మాత్రం అమీర్‌పేటలో బస్సు దిగగానే అడిగేది ఒకటే: "ఏ సర్టిఫికెట్ చేస్తే జాబ్ వస్తుంది?" తప్పు ప్రశ్నేమీ కాదు. ఇంట్లో అప్పు చేసి పంపినవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి నిజాయతీగా జవాబు చెప్పాలంటే ముందు పని చూడాలి, ఆ తర్వాతే పట్టా.

ప్యాకెట్ నడిచే దారి

మీరు పంపే ప్రతి మెయిలూ, చూసే ప్రతి వీడియో చిన్నచిన్న ముక్కలై ప్రయాణిస్తాయి. ఆ ముక్కే ప్యాకెట్. దాని మీద రెండు చిరునామాలుంటాయి: ఎక్కడినుంచి, ఎక్కడికి. చిరునామా ఇంటిదాకా తీసుకెళ్తుంది. ఆ ఇంట్లో ఏ తలుపు తట్టాలో చెప్పేది పోర్టు నంబరు. ఒక్కో కంప్యూటర్‌కి 0 నుంచి 65,535 వరకు తలుపులుంటాయి. 443 మీద భద్రమైన వెబ్‌సైటు పలుకుతుంది. 53 మీద పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పలుకుతుంది. 3389 మీద విండోస్ యంత్రాన్ని దూరంనుంచి నడిపించవచ్చు.

మాట మొదలయ్యే పద్ధతి మన ఫోను సంభాషణ లాంటిదే. ఒక యంత్రం "ఉన్నారా?" అంటుంది. రెండోది "ఉన్నాను, నా మాట వినబడుతోందా?" అంటుంది. మొదటిది "వినబడుతోంది" అంటుంది. ఈ మూడు మాటల తర్వాతే అసలు సమాచారం కదులుతుంది. దొంగ చేసే మొదటి పరిశీలన కూడా ఇక్కడే: ఒక్కో తలుపునూ తట్టి చూస్తాడు. జవాబొస్తే తెరిచి ఉన్నట్టు. "ఇక్కడెవరూ లేరు" అని తిరుగుటపా వస్తే మూసి ఉన్నట్టు. ఏ జవాబూ రాకపోతే మధ్యలో ఎవరో కాపలా ఉన్నట్టు. దీన్నే పోర్ట్ స్కానింగ్ అంటారు. 1997లో గోర్డన్ లయన్ విడుదల చేసిన ఎన్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పనికి ఇవాళ్టికీ అందరి చేతిలో ఉంది, దొంగ చేతిలోనూ పోలీసు చేతిలోనూ.

మధ్యలో ఉండే ఆ కాపలా పేరు ఫైర్‌వాల్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తలచుకోండి. కొత్తవాళ్లు వస్తే ఆపుతాడు. లోపలివాళ్లు ఆర్డరు చేసినదాన్ని తెచ్చిన కుర్రాణ్ణి మాత్రం రిజిస్టరు చూసి పంపిస్తాడు. ఫైర్‌వాల్ కూడా అంతే. లోపలినుంచి మొదలైన సంభాషణను గుర్తుపెట్టుకుని, దానికి బయటినుంచి వచ్చే జవాబును రానిస్తుంది. మెయిల్లో దిగే దొంగ ప్రోగ్రాం ఆడుకునేది సరిగ్గా ఈ నమ్మకంతోనే. అది బయటినుంచి తలుపు తట్టదు. లోపల కూర్చుని తానే బయటికి కబురు చేస్తుంది. వాచ్‌మన్ దృష్టిలో అది ఇంటివాళ్ల మాటే.

అందుకే లోపల కూడా గట్లు కావాలి. యంత్రాలను కలిపే స్విచ్‌లో ఒక్కో విభాగానికి వీల్యాన్ అనే వేరే మడి ఏర్పాటు చేస్తారు. ప్రతి ముక్కకీ ఒక సంఖ్య అంటిస్తారు. ఆ సంఖ్యకు కేటాయించింది 12 బిట్లు కాబట్టి వాడుకోదగ్గవి 4,094. కౌంటరు గుమాస్తా యంత్రం ఒక వీల్యాన్‌లో, ఖాతాల డేటాబేసు వేరే వీల్యాన్‌లో ఉండి, రెంటి మధ్యా ఏ మాట వెళ్లవచ్చో రాసిపెట్టిన నియమం ఉంటే, గుమాస్తా యంత్రం దొంగ చేతిలో పడినా దొంగ ఆ మడిలోనే నిలబడిపోతాడు.

ఒకే దాడి, ఐదు ఉద్యోగాలు

ఈ గట్లు వేసేవాడు నెట్‌వర్క్ సెక్యూరిటీ ఇంజినీరు. రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్ నియమాలు, వీపీఎన్‌లు అతని లోకం. బయటికి కనిపించని పని. గట్టు గట్టిగా ఉన్నన్నాళ్లూ ఎవరూ మెచ్చుకోరు.

గస్తీ తిరిగేవాడు సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అనలిస్టు. ఫ్రెషర్లకు ఎక్కువగా దొరికే తలుపు ఇదే. సంస్థలోని యంత్రాలన్నీ తాము చేసినదాన్ని లాగ్ అనే దినచర్యలో రాసుకుంటాయి. ఆ లాగ్‌లన్నీ ఒకచోటికి చేరితే, తేడాగా ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ ఎత్తి చూపిస్తుంది. అది నిజమైన గండో, ఎలక చప్పుడో తేల్చేది మనిషి. విండోస్ యంత్రంలో తప్పు పాస్‌వర్డ్ కొడితే 4625 అనే సంఖ్యతో ఒక వరస నమోదవుతుంది, సరైనది కొడితే 4624 నమోదవుతుంది. ఉదయం పదింటికి ఒక ఉద్యోగి పేరుమీద రెండు 4625లు, ఆపైన ఒక 4624 ఉంటే సెలవునుంచి వచ్చి పాస్‌వర్డ్ మరిచిపోయాడనుకోవచ్చు. అర్ధరాత్రి రెండింటికి పది నిమిషాల్లో మూడు వందల 4625లు, వాటి వెనకే ఒక 4624 కనిపిస్తే కుర్చీలోంచి లేవాలి. ఈ పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. అమెరికా సంస్థల కాపలా హైదరాబాదులో జరిగేటప్పుడు వాళ్ల పగలు మన రాత్రి. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఆ నిద్రలేమిని కూడా లెక్కలో వేసుకోవాలి.

గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో యజమాని అనుమతితో తవ్వి చూపించేవాడు పెన్‌టెస్టర్. మన దగ్గర ఈ పనిని వీఏపీటీ అంటారు. సినిమాల్లో కనిపించే హ్యాకర్‌కి దగ్గరగా ఉంటుందని పిల్లలకు దీనిమీదే మోజు. నిజానికి పనిలో పెద్ద భాగం రాత: ఏ లోపం దొరికింది, ఎలా దొరికింది, దానివల్ల ఏం పోతుంది, ఎలా సరిచేయాలి. ఇది మేనేజరుకి అర్థమయ్యేలా రాయలేనివాడికి ఎంత నైపుణ్యమున్నా సగం జీతమే.

గండి పడ్డాక వచ్చేవాళ్లు ఇన్సిడెంట్ రెస్పాన్స్, ఫోరెన్సిక్ నిపుణులు. వాళ్లు అసలు డిస్కును ముట్టుకోరు. దానికి నకలు తీసి, నకలు మీదే పనిచేస్తారు. అసలుకీ నకలుకీ తేడా లేదని నిరూపించడానికి హ్యాష్ అనే వేలిముద్ర ఉంటుంది. లక్షల పేజీల సమాచారంలో ఒక్క కామా మారినా ఆ వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్ విలువ కూడా రాయాలి.

ఐదో మనిషి ఆడిటరు. నియమాలున్నాయా, ఉన్నవాటిని పాటిస్తున్నారా అని చూసేవాడు. సూపర్ యూజర్లు అవసరానికి మించి ఉంటే ముందుగా ప్రశ్నించాల్సింది ఇతనే. ఈ పని విలువ మన దేశంలో చట్టాలతో పెరిగింది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో సంస్థలు దానికి కబురు చేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సరైన భద్రత పాటించక సమాచారం బయటపడితే 250 కోట్ల రూపాయలవరకు జరిమానాకు వీలు కల్పించింది. కామర్స్ చదివినవాళ్లు, న్యాయశాస్త్రం చదివినవాళ్లు ఈ రంగంలోకి రావడానికి ఇదే రాచబాట. కోడింగ్ రాదని భయపడి వెనక్కి తగ్గే అమ్మాయిలూ అబ్బాయిలూ ఈ సంగతి గమనించాలి.

పట్టాల వరస

ఇప్పుడు సర్టిఫికెట్ల దగ్గరికి వద్దాం. వీటిని ఇచ్చేవాళ్లు రెండు రకాలు. తాము తయారుచేసిన పరికరాలమీద పట్టు ఉందా అని చూసేవి సిస్కో లాంటి కంపెనీలు. ఏ కంపెనీకీ కట్టుబడకుండా విషయాన్ని పరీక్షించేవి కాంప్‌టియా, ఐఎస్‌సీ2, ఐసాకా లాంటి సంస్థలు.

సిస్కో సీసీఎన్ఏని 1998లో మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి 24న, అంతవరకూ వేర్వేరు శాఖలుగా ఉన్నవాటిని కలిపి ఒకే పరీక్ష చేసింది. వ్యవధి 120 నిమిషాలు, చెల్లుబాటు మూడేళ్లు. పైన చెప్పిన ప్యాకెట్ దారి అంతా ఇందులో ఉంటుంది. భద్రతలోకి వెళ్లదలచినవాళ్లు కూడా ఇక్కడ మొదలుపెడితే పునాది గట్టిపడుతుంది. సిస్కోలోనే శిఖరం సీసీఐఈ. 1993 నుంచి ఉన్న ఈ పట్టాకు రాత పరీక్షతోపాటు 8 గంటల ప్రయోగ పరీక్ష గట్టెక్కాలి.

కాంప్‌టియా వారి సెక్యూరిటీ ప్లస్ 2002 నుంచి ఉంది. 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 100 నుంచి 900 వరకు ఉన్న కొలమానంలో 750 తెచ్చుకుంటే గట్టెక్కినట్టు. భద్రత మొత్తాన్ని ఒకసారి చుట్టి చూపిస్తుంది. సాక్ ఉద్యోగానికి తొలి మెట్టుగా సరిపోతుంది.

దాడి వైపు మన దగ్గర బాగా వినిపించే పేరు ఈసీ-కౌన్సిల్ వారి సీఈహెచ్. దాని ప్రధాన పరీక్ష 4 గంటల్లో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఆఫ్‌సెక్ వారి ఓఎస్‌సీపీ పూర్తిగా వేరే దారి. అందులో ప్రశ్నలుండవు. కొన్ని యంత్రాలిచ్చి 23 గంటల 45 నిమిషాల్లో వాటిలోకి చొరబడి చూపించమంటారు. ఆ తర్వాత మరో 24 గంటల్లో నివేదిక రాసి పంపాలి. 100కి 70 మార్కులు కావాలి.

పైమెట్టు మీద ఐఎస్‌సీ2 వారి సీఐఎస్ఎస్‌పీ ఉంది. ఎనిమిది విభాగాలు. వాటిలో కనీసం రెండింటిలో ఐదేళ్ల అనుభవం ఉంటేనే పట్టా. తగిన డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు. అనుభవం లేనివాళ్లు పరీక్ష గట్టెక్కితే అసోసియేట్‌గా ఉంటారు, ఆ అనుభవం సంపాదించుకోవడానికి ఆరేళ్ల గడువుంటుంది. డిగ్రీ చేతికి రాకముందే పిల్లలకు దీని కోచింగ్ అమ్మేవాళ్లు ఈ ఐదేళ్ల మాట ముందుగా చెప్పాలి. ఆడిట్ వైపు ఐసాకా వారి సీఐఎస్ఏ 1978లో మొదలైంది. దానికీ ఐదేళ్ల అనుభవం నియమం ఉంది. మన చార్టర్డ్ అకౌంటెంట్లు ఎందరో ఈ దారిలోనే సైబర్ భద్రతకు వచ్చారు.

పరీక్ష ఏం కొలుస్తుంది

750 అనే గీతను ఎవరు గీస్తారు? 35 మార్కుల పాస్‌కి అలవాటుపడిన మనకు ఇది ఆసక్తికరమైన సంగతి. వృత్తి పరీక్షల్లో విరివిగా వాడే ఒక పద్ధతిని విలియం ఆంగాఫ్ 1971లో వివరించాడు. ఆ పనిలో తలపండినవాళ్లను కొందరిని కూర్చోబెడతారు. ఒక్కో ప్రశ్న చూపించి అడుగుతారు: ఈ పనికి సరిగ్గా అంచుమీద అర్హత ఉన్న వందమంది రాస్తే ఎంతమంది సరైన జవాబు చెబుతారు? ఒకరు 60 అంటారు, ఒకరు 70 అంటారు. వాదించుకుంటారు, సవరించుకుంటారు. అన్ని ప్రశ్నలమీదా వచ్చిన సగటులు కూడితే ఉత్తీర్ణత గీత వస్తుంది. కష్టమైన ప్రశ్నపత్రానికి గీత కిందికి, తేలికైనదానికి పైకి జరుగుతుంది.

సీఐఎస్ఎస్‌పీ ఇంకో అడుగు ముందుకు వేసింది. అభ్యర్థి ఇచ్చే ప్రతి జవాబుతోనూ అతని స్థాయి ఎంతో కంప్యూటర్ మళ్లీ లెక్కగడుతుంది. తర్వాతి ప్రశ్నను ఆ స్థాయికి తగ్గట్టు, చెప్పగలడో లేడో సగంసగం అనిపించేలా ఎంచుతుంది. కనీసం 100 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. నూరో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఫలితంమీద 95 శాతం నమ్మకం కుదిరితే పరీక్ష అక్కడే ఆగిపోతుంది. అందుకే ఎంత బాగా రాసినవాళ్లయినా "పోయిందేమో" అనుకుంటూ బయటికొస్తారు. తెలివి పెరిగినకొద్దీ ప్రశ్నా పెరుగుతూ ఉంటుంది మరి.

ఈ శ్రమంతా ఒక్క షరతుమీద నిలబడి ఉంది: అభ్యర్థి ఆ ప్రశ్నను మొదటిసారి చూస్తున్నాడు. డంప్స్ ఆ షరతునే తవ్వేస్తాయి. పరీక్ష ప్రశ్నలు దొంగతనంగా సేకరించి, జవాబులతో కలిపి అమ్మే ఆ కాగితాలు చదివినవాడి మార్కు అతని జ్ఞాపకశక్తిని కొలుస్తుంది. గట్టు కట్టడం వచ్చో రాదో దానికి తెలియదు. పట్టుబడితే పట్టా రద్దవుతుంది, ఏళ్లతరబడి నిషేధమూ ఉండవచ్చు. అంతకుమించిన నష్టం ఇంటర్వ్యూలో ఎదురవుతుంది. "ఫైర్‌వాల్ దాటి లోపలికి రాలేని దొంగ, లోపలి యంత్రంతో ఎలా మాట్లాడతాడు?" అని అడిగితే డంప్స్‌లో జవాబు ఉండదు. ఆ ఒక్క నిమిషం మౌనంలో తల్లిదండ్రుల డబ్బు, పిల్లవాడి రెండేళ్లు కరిగిపోతాయి. ఇది ఏ పిల్లలకీ జరగకూడదు.

పాత ల్యాప్‌టాప్ చాలు

మంచి సంగతేమిటంటే ఈ విద్య నేర్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్‌లో రౌటర్లు కొనకుండానే నెట్‌వర్క్ కట్టి, వీల్యాన్ గట్లు వేసి, తెంచి, మళ్లీ కట్టవచ్చు. వర్చువల్‌బాక్స్‌తో ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు మూడు యంత్రాలు నడపవచ్చు. ఒకదాంట్లో భద్రత పరీక్షల పనిముట్లతో వచ్చే కాలీ లైనక్స్, ఇంకోదాంట్లో కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ పెట్టుకుంటే ఇంట్లోనే ప్రయోగశాల సిద్ధం. జెరాల్డ్ కూంబ్స్ 1998లో మొదలుపెట్టిన వైర్‌షార్క్‌తో ప్యాకెట్లను కళ్లారా చూడవచ్చు. ఆ మూడు మాటల పలకరింపును మొదటిసారి తెరమీద చూసిన క్షణం కలిగే అనుభూతిని ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. తరగతిలో కూర్చుని నేర్చుకోవాలనుకునేవాళ్లకు సీ-డాక్ పీజీ డిప్లొమాల్లో భద్రతకు ప్రత్యేకించిన కోర్సు ఉంది.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. పక్కింటి వైఫై, కాలేజీ సర్వరు, ప్రభుత్వ వెబ్‌సైటు ప్రయోగశాలలు కావు. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇంకొకరి వ్యవస్థలో చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్లవరకు జైలు, 5 లక్షలవరకు జరిమానా పడవచ్చు. సరదాకి చేశానన్న మాట కేసు పడ్డాక ఇంట్లోవాళ్లనీ ఓదార్చదు.

మార్కస్ హచిన్స్ కథ ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 2017 మే 12న వానక్రై అనే వసూళ్ల వైరస్ ప్రపంచం మీద పడింది. బ్రిటన్ ఆస్పత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. పూడ్చని గండిలోంచే వరద వచ్చింది. సొంతంగా విద్య నేర్చుకున్న 22 ఏళ్ల హచిన్స్, ఆ వైరస్ పదేపదే వెతుకుతున్న ఒక వెబ్ చిరునామా ఎవరిదీ కాదని గమనించి దాన్ని నమోదు చేశాడు. ఆ చిరునామా పలకగానే వైరస్ ఆగింది. చేతిలో పట్టా లేకపోయినా ప్యాకెట్ చదవగలిగిన చూపు పనిచేసింది. అదే ఏడాది ఆగస్టులో, గతంలో బ్యాంకు సమాచారం దొంగిలించే ప్రోగ్రాం తయారుచేసినందుకు అమెరికాలో అతన్ని అరెస్టు చేశారు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే గడిపిన నిర్బంధాన్నే శిక్షగా లెక్కించి జడ్జి విడిచిపెట్టాడు. నైపుణ్యం ఒక్కటే, దాన్ని ఏ గట్టున నిలబడి వాడతామన్నదే మనిషిని నిర్ణయిస్తుంది. ఈ వృత్తిలో నమ్మకం పోయినవాళ్లందరికీ రెండో అవకాశం దొరకదు.

కాబట్టి వరస ఇది: ముందు నెట్‌వర్కింగ్, లైనక్స్. చేతులు అలవాటుపడ్డాక సీసీఎన్ఏనో సెక్యూరిటీ ప్లస్సో ఒకటి. మొదటి ఉద్యోగం. ఏ పని మనసుకు పట్టిందో అక్కడ తెలుస్తుంది. ఆపైన దానికి తగ్గ పట్టా. ఫీజులు డాలర్లలో ఉంటాయి, తప్పితే మళ్లీ కట్టాలి, కొన్నేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అందుకే ఒకేసారి నాలుగు సర్టిఫికెట్లు కొనడం కంటే, ఒక్కదాన్ని సంపాదించుకుని దాని మీద నిలబడటం మేలు.

మళ్లీ ఆ బ్యాంకు దగ్గరికి వెళ్దాం. నవంబరులో మెయిల్, జనవరిలో దోపిడీ. మధ్యలో రెండు నెలలు. అలాంటి దొంగ ప్రోగ్రాం ఏదైనా యజమానితో మాట్లాడక తప్పదు. ఎంత నెమ్మదిగా మాట్లాడినా ఆ మాటలు ప్యాకెట్లుగానే వెళ్లాలి, వాటికి వేరే దారి లేదు. గుమాస్తా ఇంటికి వెళ్లిపోయాక అతని యంత్రం ఊరూ పేరూ తెలియని చిరునామాతో ఎందుకు మాట్లాడుతోందని అడిగే ఒక్క మనిషి చాలు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో ఇవాళ పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదటిసారి వైర్‌షార్క్ తెరుస్తున్న పిల్లో పిల్లాడో ఆ మనిషి కావచ్చు. ఎవరో కష్టపడి దాచుకున్న డబ్బుకు రేపు వాళ్లే గట్టు.